నలభై ఒక్క గొంతులు

బస్సు కనుమ దిగుతుండగా మూడో వరుసలోని అమ్మాయి వణకడం మొదలుపెట్టింది. డ్రైవరు అద్దంలోంచి చూసి, బండిని రోడ్డు వారకు తీసి ఆపేశాడు. ప్రయాణికుల్లో ఒక్కరూ విసుక్కోలేదు. అమ్మాయి ఎడమ మణికట్టు మీద మోతపట్టీ నారింజ రంగులో వెలుగుతోంది. పక్కనున్న పూలమ్మే ఆవిడ గంప కింద పెట్టి, ఆ పిల్ల ఎవరో ఎరగకపోయినా, వీపు మీద చెయ్యి వేసి నిమిరింది.

"ఎవురి భారమో తల్లీ, మోసిపెడతా ఉండావు. నిదానంగా ఊపిరి తీసుకో" అంది.

రెండు నిమిషాలకు వణుకు తగ్గింది. అమ్మాయి కాస్త సిగ్గుపడి, "అయిపోయింది, పోనీ అన్నా" అంది. బస్సు కదిలింది.

వెనక సీట్లో కాశింవలి కిటికీ వైపు తల తిప్పుకుని కూర్చున్నాడు. రేపటి నుంచి తన వణుకు కూడా ఇలాగే ఏదో ఒక బస్సును ఆపుతుందని అనుకున్నాడు.

ఈ అలవాటు వచ్చి పదహారేళ్లయింది. అంతకు ముందు, సరిహద్దు నుంచి వచ్చిన సైనికుడికి జనం దండ వేసేవారు, చప్పట్లు కొట్టేవారు, తర్వాత ఎవరి పనుల్లో వాళ్లు పడేవారు. సాయంత్రానికి దండ వాడిపోయేది. మనిషి లోపలి యుద్ధం మాత్రం ఎన్నేళ్లయినా పచ్చిగానే ఉండేది. మనోవిభాజని వచ్చాక ఈ పద్ధతి మారింది. ఒంట్లో గడ్డకట్టిన భయాన్ని ఆ యంత్రం నలభై ఒక్క ముక్కలు చేస్తుంది. ఒక్కో ముక్కను వేదనాంశం అంటారు. రక్తదానానికి వచ్చినట్టే మామూలు జనం వచ్చి తలా ఒక అంశం ఎక్కించుకుని పోతారు. ఒక్కడు మోస్తే ప్రాణం తీసే బరువు, నలభై ఒక్కరు మోస్తే నలభై రోజుల పాటు అప్పుడప్పుడూ వచ్చే వణుకు. ఆపైన దానంతటదే కరిగిపోతుంది. ఆ మోసేవాళ్లు మోతదారులు. వాళ్ల కోసం బస్సు ఆగుతుంది, బడిలో పాఠం ఆగుతుంది, పెళ్లిలో మేళం కూడా ఆగుతుంది.

"ఏందిరా, అట్ట చెమటలు పడతా ఉండావు? సూది కూడా ఉండదంట కదా" అంది పక్కన కూర్చున్న తిరుపాలమ్మ.

ఆమెకు డెబ్బై నాలుగేళ్లు. కాశింవలిని కన్న తల్లి కాదు. ఆమె కొడుకు చెంచయ్య, కాశింవలి ఒకే రోజు పల్టన్‌లో చేరారు. అక్కడ ప్రతి సిపాయికీ ఒక జోడీ ఉంటాడు. తినడం, పడుకోవడం, కాపలా కాయడం అన్నీ జోడీతోనే. వీళ్లిద్దరూ ఒకరికొకరు జోడీ. ఇరవై రెండేళ్ల కిందట మంచు సరిహద్దులో చెంచయ్య పోయాడు. కాశింవలి నౌకరీ ముగించుకుని వచ్చి ఆమె వీధిలోనే ఇల్లు తీసుకున్నాడు. పెళ్లి మాటెత్తలేదు. ఆమె మందులు, ఆమె ఇంటి కప్పు, ఆమె కంటి ఆపరేషను, అన్నీ తన మీదే వేసుకున్నాడు. జోడీ అంటే కాశింవలిలా ఉండాలని రాచవేడు ఊరంతా చెప్పుకుంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా అతను లేచి వెళ్లి మంచినీళ్లు తాగుతాడు.

"నాకు వద్దమ్మా అంటే వినవు" అన్నాడతను.

"నీ గుండె ఈ ఏడు దాటదని డాక్టరు చెప్పె. ఒక కొడుకును మంచు మింగింది. ఇంకోడిని వాడి భయమే మింగతా ఉంటే చూస్తా కూచోమంటావా? నోరు మూసుకోని రా."

కాశింవలి నోరు మూసుకున్నాడు. అది అతనికి బాగా చేతనైన పని. యంత్రం అంటే అతనికి భయం లేదు. తన లోపలికి చెయ్యి పెట్టి అది దేన్ని బయటికి లాగుతుందో అన్నదే భయం.

కనుమ దిగువన టౌనులో ఉన్న కేంద్రంలో ప్రసూన అనే ఆమె విభాజకురాలు, అంటే మనోవిభాజని నడిపే మనిషి. నెమ్మదస్తురాలు. కాశింవలి నుదుటికి, ఛాతీకి, గొంతుకు వెండి రేకుల్లాంటివి అంటిస్తుండగా అతను గొంతు తగ్గించి అడిగాడు.

"జరిగింది ఎవురికన్నా తెలిసిపోద్దా మేడమ్?"

ఆమెకు అలవాటైన ప్రశ్నే. "తెలియదు సార్. కథ మీ దగ్గరే ఉంటుంది. బొమ్మలు, పేర్లు, ఎవరు ఏమన్నారో అన్నీ మీవే. మేము తీసేది ఒంటికి పట్టిన వణుకును. వేళ్ల చలి, గుండె బిగువు, గొంతు పట్టేయడం, అంతే. మోసేవాళ్లకు అది ఎవరి భారమో కూడా చెప్పం."

"కథ పోదు" అని అతను తనలో తాను అనుకున్నాడు.

"మీ మనసు దానంతటదే ఆ క్షణం దగ్గరికి పోతుంది. ఆపకండి" అంది ప్రసూన.

అతను ఆపలేదు. ఆపినా ఆగేది కాదు.

పన్నెండు మంది గస్తీ. కొండ అంచు. ముందు నడిచేవాడి వీపు కనపడనంత మంచుపొగ. కనుమ దాటగానే నాయక్ నిలబెట్టి గింతీ మొదలుపెట్టాడు. ఒక్కో పేరూ పిలుస్తాడు, ఆ పేరుగలవాడు పలకాలి. పల్టన్‌లో కుర్రాళ్లకు ఒక అలవాటు ఉండేది. జోడీ బూటు లేసు కట్టుకుంటూనో, పక్కకు వెళ్లో నాలుగడుగులు వెనకబడితే, వాడి తరఫున రెండోవాడు పలికేస్తాడు. తప్పేముంది, ఇంకో నిమిషంలో వస్తాడు కదా. ఆ రోజు చెంచయ్య వెనక నుంచి, "సంచి తాడు ముడి ఊడిందిరా, కట్టుకోని వస్తా, నువ్వు పద" అన్నాడు. నాయక్ "చెంచయ్య" అని పిలిచాడు. కాశింవలి "హాజిర్ సాబ్" అన్నాడు. తర్వాత తన పేరు వచ్చింది. దానికీ "హాజిర్ సాబ్" అన్నాడు. పన్నెండుకు పన్నెండూ సరిపోయాయి. గాలి లేస్తోందని నాయక్ అందర్నీ పరుగు లాంటి నడకతో తీసుకుపోయాడు.

ఒకడు తక్కువన్న సంగతి మూడు గంటల తర్వాత అవతలి చౌకీలో తెలిసింది. అప్పటికి గాలి తిరగబడింది. మర్నాడు దొరికాడు చెంచయ్య, గింతీ జరిగిన చోటికి రెండు వందల అడుగుల దూరంలో, బండకు ఆనుకుని కూర్చుని. తాడు ముడి చక్కగా కట్టి ఉంది. బండ చుట్టూ అతని అడుగులే, పోయినవీ వచ్చినవీ, లెక్కలేనన్ని.

అతని తరఫున పలికింది ఎవరని విచారణలో అడిగారు. మంచుపొగలో గొంతుకు మొహం ఉండదు. ఎవరూ చెప్పలేదు. ఇంటికి వెళ్లిన కాగితంలో, మంచుపెళ్ల విరిగిపడి క్షణంలో ప్రాణం పోయిందని రాశారు. బాధ తెలియకుండా పోయాడు, అదే చాలని తిరుపాలమ్మ ఏటా అంటుంది. కాశింవలి ఏటా తల ఊపుతాడు.

కళ్లు తెరిచేసరికి ఒళ్లు దూదిలా ఉంది. జరిగిందంతా గుర్తుంది, కానీ వేరెవరి ఉత్తరమో చదివినట్టుంది. బయటికి వస్తే తిరుపాలమ్మ మజ్జిగ సీసా పట్టుకుని నిలబడి ఉంది. అతని మొహం చూసి, "వచ్చినావా నాయనా" అని మాత్రం అంది. ఆ మాటకు అతనికి ఏడుపు రావాలి. రాలేదు. అదే కాస్త వింతగా అనిపించింది.

ఎనిమిది రోజులు హాయిగా గడిచాయి. గుండె దారిన పడిందని డాక్టరు చెప్పాడు. తొమ్మిదో రోజు ఉదయం అతను ఉల్లిపాయల కోసం టౌను మార్కెట్టుకు వెళ్లాడు. కొట్టువాడు హమాలీని కేకేశాడు.

"చెంచయ్యా, ఆ మూట ఇట్ట దించు."

హమాలీ పలికే లోపు మరో ముగ్గురు కదిలారు. మిషను ముందున్న దర్జీ, అరటిపళ్లు బేరం చేస్తున్న ఒక బడిపంతులు, సోడా బండి దగ్గరున్న కాలేజీ కుర్రాడు. ముగ్గురూ ఒక్కసారే నిటారుగా నిలబడ్డారు. గడ్డం పైకి లేచింది. నోళ్లు తెరుచుకున్నాయి. దర్జీ "హా" అని, పొలమారినట్టు దగ్గి, ఎందుకు లేచానా అని తనే అయోమయంగా చుట్టూ చూసుకున్నాడు. ముగ్గురి మణికట్ల మీదా నారింజ వెలుగు ఉంది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, కాశింవలి చెయ్యి దానంతటదే తన గొంతు మీదికి పోయింది. యంత్రం గొంతు పట్టేయడాన్ని తీసుకుపోయింది. ఇరవై రెండేళ్లుగా ఆ గొంతును పట్టి ఉంచింది ఏమిటో యంత్రం చేసినవాళ్లకు తెలియదు. అది ఒక మాట. మాట అంటే నాలుక, పెదవి, కంఠం కదిలే కదలికే కదా. వణుకులతో పాటు అదీ పోయింది, నలభై ఒక్క గొంతుల్లోకి.

ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి. ఆదివారం వీరుల గింతీ. ఏటా ఆ రోజు టౌనులో, కేంద్రం పక్క మైదానంలో పోయిన సైనికుల పేర్లు పల్టన్ పద్ధతిలో ఒక్కొక్కటీ పిలుస్తారు. ప్రతి పేరు తర్వాతా మూడు ఊపిర్ల సేపు ఎవరూ పలకరు. ఆ మౌనమే మర్యాద. ఆ రోజు ముందు వరసలు అమరుల కుటుంబాలవి, పక్క వరసలు మోతదారులవి.

అతను తిన్నగా ప్రసూన దగ్గరికి వెళ్లాడు. "ఆదివారం గింతీ లిస్టులో ఒక పేరు తీయించాల మేడమ్. చిట్టేటి చెంచయ్య."

ప్రసూన అతన్ని కాసేపు చూసింది. "కుటుంబం రాసిస్తేనే తీస్తారు సార్. వాళ్లమ్మ గారు మీకు బాగా కావలసినవారే కదా, కారణం చెప్పి రాయించండి." తర్వాత నెమ్మదిగా అంది, "మీ అంశాలు తీసుకున్నవాళ్లలో పదకొండు మంది వచ్చి, గొంతులో ఏదో అడ్డం పడుతోందని చెప్పారు. దుమ్మేమో అనుకున్నాం. నాకు మీరేమైనా చెప్పాలా?"

"ఏం లేదు మేడమ్" అన్నాడు కాశింవలి. పాత అలవాటు ఎక్కడికీ పోలేదు.

యంత్రం పాత భయాన్ని తీసుకుపోయింది, నిజమే. ఇది కొత్తది, ఎవరికీ పంచనిది. తిరుపాలమ్మ తన మొహం చూడటం మానేస్తుందన్న భయం. శుక్రవారం ఆమె అన్నం వడ్డిస్తుంటే చెప్పబోయాడు. నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"ఎండలు ఎక్కువగా ఉండాయమ్మా. ఈసారి గింతీకి పోవద్దులే."

"ఇరవై రెండేళ్లలో ఒక్క ఏడు మానలా. వాడి పేరు ఊరి నడిమధ్యన పిలిచేది ఆ ఒక్కరోజే" అంది ఆమె పప్పు వేస్తూ. "నువ్వు ఏటా నా పక్కన కూచోని చెమటకు తడిసి ముద్దవుతా ఉంటివి. ఈ ఏడు నవ్వు మొహంతో కూచుంటావు. అది చూడాల నేను."

ఆదివారం ఎనిమిది గంటలకే మైదానం నిండింది. తిరుపాలమ్మ గంజి పెట్టిన తెల్లచీర కట్టుకుని, ముందు వరసలో కాశింవలి చెయ్యి పట్టుకుని కూర్చుంది. కుడివైపు మోతదారుల మణికట్లు వరసగా వెలుగుతున్నాయి. బస్సులో వణికిన అమ్మాయి ఉంది, దర్జీ ఉన్నాడు, బడిపంతులు ఉన్నాడు. ఆ వరస చివర ప్రసూన నిలబడి ఉంది. పదవీ విరమణ చేసిన కెప్టెన్ రాజ్యలక్ష్మి వేదిక మీదికి వచ్చి కాగితం తెరిచింది. ఏడో పేరు చెంచయ్యది.

"సిపాయి షేక్ బాజీ."

మౌనం. కాశింవలి ఒకటి అని లెక్కపెట్టుకున్నాడు.

"లాన్స్ నాయక్ మేకల ఏసుదాసు."

మౌనం. ఇంకా ఐదు. ఇప్పుడైనా ఆమె చెవిలో చెప్పవచ్చు. నాలుగు. ఆమె చెయ్యి పొడిగా, వెచ్చగా ఉంది. మూడు. ఇప్పుడు లేపి బయటికి తీసుకుపోవచ్చు, కళ్లు తిరుగుతున్నాయని అబద్ధమాడవచ్చు. రెండు. ఒకటి.

"సిపాయి చిట్టేటి చెంచయ్య."

కుడివైపు వరసల్లో నలభై ఒక్కరు ఒకేసారి లేచారు. "హాజిర్ సాబ్" అన్నారు.

వాళ్లలో సగం మందికి ఆ మాటకు అర్థం కూడా తెలియదు. ఆడగొంతులు, మగగొంతులు, ముసలివి, లేతవి, అన్నిట్లోనూ ఒకటే యాస, ఒకటే తొందర. ఇరవై రెండేళ్ల కిందటి ఒక కుర్రాడి తొందర. అన్నవాళ్లే ఉలిక్కిపడి ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మైదానం మాత్రం దాన్ని వేరేగా తీసుకుంది. ఎక్కడో ఒకరు వెక్కారు. జనం లేచి నిలబడటం మొదలైంది. కెప్టెన్ కళ్లు తుడుచుకుని, "ఊరే అమరుడి తరఫున పలికింది. వచ్చే ఏటి నుంచి ప్రతి పేరుకూ ఇలాగే పలుకుదాం" అంది.

తిరుపాలమ్మ లేచి నిలబడి రెండు చేతులూ జోడించింది. ఆమె మొహంలో అంత సంతోషం కాశింవలి ఎన్నడూ చూడలేదు.

"చూసినావా కాశిమూ. నా బిడ్డ తరఫున ఎంతమంది పలికినారో."

ఎవరికీ అనుమానం లేదు. ప్రసూన ఒక్కతే అతని వైపు చూస్తోంది. ఆమె నోరు విప్పదు, విప్పకూడదు, అది ఆమె వృత్తి ధర్మం. అతను ఊరుకుంటే చాలు, ఈ గండం గడిచిపోతుంది. ఊరుకోవడం ఎలాగో అతనికి తెలుసు. కానీ వచ్చే ఏడు ఇదే మైదానంలో, ఆమె చేతులు జోడించి నిలబడి ఉండగా, ఆమె బిడ్డను చంపిన మాటను ఊరు ఊరంతా పూజలా పలుకుతుంది. ఆ పై ఏడు కూడా. దాన్ని కడుపులో పెట్టుకుని ఆమె పక్కన కూర్చోవడం తన వల్ల కాదని కాశింవలికి తెలిసిపోయింది. అతను లేచి, కాళ్లు దగ్గరికి చేర్చి నిలబడ్డాడు.

"లేడు మేడమ్" అన్నాడు.

కెప్టెన్‌కు అర్థం కాలేదు. "ఎవరు లేరు?"

"సిపాయి చెంచయ్య గైర్హాజర్. ఆ రోజు గింతీలో కూడా గైర్హాజరే. వాడి తరఫున హాజిర్ అని పలికింది నేను. విచారణలో చెప్పలేదు. ఈ మోతదారుల నోట వచ్చింది నా గొంతు. వాళ్ల తప్పేం లేదు."

అతను తిరుపాలమ్మ వైపు తిరిగాడు. ఆమె జోడించిన చేతులు ఇంకా అలాగే ఉన్నాయి.

"మంచుపెళ్ల?" అని అడిగింది.

"పడలేదమ్మా. తాడు ముడి కట్టుకోని వస్తానన్యాడు. వస్తాడులే అని పలికినా. మేము పోయినాము."

"అయితే వాడు ఎంతసేపుండాడు?"

ఆ ప్రశ్న కోసమే అతను ఇరవై రెండేళ్లు నోరు మూసుకున్నాడు. "శానా సేపుండాడమ్మా. బండ చుట్టూ అడుగులుండాయి. ఒంట్లో వేడి పోకుండా నడస్తానే ఉండాడు."

తిరుపాలమ్మ చేతులు దించింది. కూర్చోలేదు, ఏడవలేదు. ప్రసూన గబగబా వచ్చి ఆమె భుజం పట్టుకుంది.

"అమ్మా, కేంద్రం పక్కనే ఉంది. ఇంత బాధ మీరొక్కరే మొయ్యక్కర్లేదు. అదిగో, వాళ్లంతా ఉన్నారు."

నిజంగానే దర్జీ, కాలేజీ కుర్రాడు, బస్సు అమ్మాయి ముందుకు వచ్చారు. "మేము తీసుకుంటామమ్మా" అంది ఆ అమ్మాయి, తన చెయ్యి చాపుతూ.

"మీరు సల్లగుండాల తల్లీ. వద్దు" అంది తిరుపాలమ్మ. "నా బిడ్డ సావు ఇన్నేళ్లూ ఎవురో రాసిన కాయితంలో ఉండె. ఈ పొద్దు నా చేతికొచ్చింది. దీన్ని ముక్కలు చెయ్యనీను."

తర్వాత వేదిక వైపు తిరిగింది. "ఇంకోసారి పిలువమ్మా వాడి పేరు. ఎవురూ పలకొద్దు."

కెప్టెన్ కాగితం చూడకుండానే పిలిచింది. నలభై ఒక్కరి ఒళ్లూ నిటారుగా లేచాయి. దర్జీ భుజం మీది తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. బడిపంతులు రెండు అరచేతులూ పెదవులకు అదిమిపెట్టుకున్నాడు. కాలేజీ కుర్రాడు వంగి మోకాళ్లలో మొహం దాచుకున్నాడు. ఒక్క గొంతూ పలకలేదు. చెంచయ్య లేడన్న సంగతిని లోకం మొదటిసారి ఒప్పుకుంది. మూడు ఊపిర్లయ్యాయి, ముప్పై అయ్యాయి. తిరుపాలమ్మ కూర్చునే దాకా ఎవరూ కదల్లేదు.

తిరుగు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుని, చేతిసంచిని పక్క సీట్లో పెట్టింది. కాశింవలి అడగలేదు. రెండు వరసల వెనక కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. మైదానం నుంచి ఇక్కడిదాకా ఆమె అతనితో ఒక్క మాట మాట్లాడలేదు, ఒకసారి కూడా తల తిప్పి చూడలేదు.

కనుమ ఎక్కుతుండగా ఆమె భుజాలు కదలడం మొదలైంది. ముందు సన్నగా, తర్వాత సీటు కమ్మీ గలగలలాడేంతగా. డ్రైవరు అద్దంలోకి చూశాడు. అలవాటు కొద్దీ అతని కళ్లు ఆమె మణికట్టు మీదికి పోయాయి. అక్కడ వెలుగు లేదు, రెండు పాత గాజులు ఉన్నాయి. అతను చూపు తిప్పుకుని బండిని పోనిచ్చాడు. చుట్టుపక్కలవాళ్లు కూడా మణికట్టే చూశారు. మోతదారు కాదు, ముసలావిడకు చలేమో అనుకున్నారు. పదహారేళ్లలో జనం నారింజ రంగును చూడటం బాగా నేర్చుకున్నారు. మనిషిని చూడటం ఎప్పుడు మరిచిపోయారో ఎవరూ గమనించలేదు.

"బండి ఆపన్నా" అన్నాడు కాశింవలి.

కండక్టరు వెనక్కి తిరిగాడు. "పట్టీ లేదు కదయ్యా."

"లేదు. ఆపు."

బస్సు ఆగింది. కనుమ గాలి కిటికీల్లోంచి వచ్చిపోతోంది. కాశింవలి రెండు వరసలు దాటి వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాడు. ఆమెను తాకే ధైర్యం లేదు, వెనక్కి పోయే ఉద్దేశమూ లేదు. కాసేపటికి వణుకు తగ్గింది. తిరుపాలమ్మ కిటికీలోంచి చూపు మరల్చకుండానే చెయ్యి చాపి, పక్క సీట్లోని సంచిని తీసి ఒళ్లో పెట్టుకుంది.

"కూచో" అంది. "తాడు ముడి దగ్గర్నించి చెప్పు."